మీసం ఎక్కడ పోయింది?: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

రాక్ ఆల్బమ్ ముఖచిత్రాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ మాట వింటోంది, సంతోషం. కానీ పన్నెండు కవర్లను ఒక్క వ్యాసంలో కుక్కావు, ఏ ఒక్కదాని దగ్గరా నిలవలేదు. పైగా ప్రతి బొమ్మకూ ముందు భావం చెప్పి, అది ఎలా తయారైందో చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వరస తిరగెయ్యి.

పింక్ ఫ్లాయిడ్ బృందం ‘యానిమల్స్’ (1977) నే తీసుకో. లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల నడుమ ఎగిరే పంది పెట్టుబడిదారీ దురాశకు ప్రతీక అన్నావు. కావచ్చు. ఆ మాట చాలామంది రాశారు. నాకు కావలసింది దాన్ని కట్టిన తాడు. 1976 డిసెంబరులో గాలి నింపిన సుమారు 40 అడుగుల పంది బొమ్మను అక్కడ నిజంగానే ఎగరేయబోయారు. తప్పించుకుంటే కాల్చి దించడానికి మొదటి రోజు ఒక తుపాకీ మనిషిని పెట్టుకున్నారు. ఆ రోజు పంది లేవనే లేదు. మర్నాడు అతణ్ణి పిలవలేదు, సరిగ్గా ఆ రోజే అది తాడు తెంచుకుంది. హీత్రో విమానాల దారిలోకి పోయి అక్కడ గగ్గోలు పుట్టించి, చివరికి కెంట్‌లో ఒక పొలంలో దిగింది. మూడో రోజు బుద్ధిగా ఎగిరింది కానీ, ఆకాశం మరీ తేటగా ఉంది. దాంతో మొదటి రోజు తీసిన మబ్బుల ఫొటోలో మూడో రోజు పందిని అతికించారు. ఇంత హంగామా చేసి, చివరికి కత్తెర పనే! ఇది చెప్పాక ప్రతీకల ఊసు ఎవరికి కావాలి?

అదే బృందం ‘విష్ యు వర్ హియర్’ (1975) కవర్ కోసం రానీ రాండెల్ అనే స్టంట్‌మన్‌కు నిజంగానే నిప్పంటించారు. గాలి ఎదురు తిరిగి పాపం అతని మీసం కాలింది. నీ వ్యాసంలో ‘దహించే విరహం’ ఉంది, మీసం లేదు.

జాయ్ డివిజన్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ (1979) మీది తెల్లగీతలు కొండల వరసలని రాశావు. కాదు. 1967లో ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ కనిపెట్టిన తొలి పల్సర్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) స్పందనల పటం అది. హెరాల్డ్ క్రాఫ్ట్ 1970 నాటి పరిశోధన గ్రంథంలోది, ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వం ద్వారా బ్యాండు కంటపడింది. తెల్లకాగితం మీది నల్లగీతలను కవర్ రూపకర్త పీటర్ సావిల్ నల్లటి అట్ట మీద తెల్లగా తిప్పాడు. మూడు చోట్ల ఒకే మాట కనిపించిందని నమ్మెయ్యకు. ముగ్గురూ ఒకరి దగ్గరే ఎత్తిరాసి ఉంటారు.

ఇక నా అసలు కోపం. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ (1967) కవర్‌ను మూడు వాక్యాల్లో దాటేశావు. అందులో నిలబెట్టిన ప్రముఖుల బొమ్మల్లో మొదట గాంధీ కూడా ఉన్నారు. ఇండియాలో జనం నొచ్చుకుంటారేమోనని వాళ్ల రికార్డు కంపెనీ ఇఎమ్ఐ అధినేత జోసెఫ్ లాక్‌వుడ్ తీయించాడు. బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ కోరిన పరమహంస యోగానంద, ఆయన గురువు యుక్తేశ్వర్, లాహిరీ మహాశయులు మాత్రం ఉండిపోయారు. మనం నొచ్చుకుంటామని మనల్ని అడగకుండానే లండన్‌లో తేల్చేశారన్నమాట. తెలుగులో రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మిగతా పదకొండూ పక్కన పెట్టి ఇదొక్కటే మళ్లీ రాయి. పేజీల లెక్క చూసుకోకు. శీర్షిక సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.