మంట వేరు, మోత వేరు

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. "సౌరజ్వాల ఎంత పెద్దదైతే రేడియో విస్ఫోటనం అంత పెద్దది" అన్న మొదటి వాక్యం కొట్టేశాను. మిగతాదంతా దాని మీదే నిలబెట్టావు కాబట్టి మళ్లీ రాయక తప్పదు.

సూర్యుడి మీద భగ్గుమనే జ్వాల, అక్కడి నుంచి వచ్చే రేడియో మోత, రెండూ ఒక తల్లి బిడ్డలే. మెలిపడ్డ అయస్కాంత క్షేత్రం తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు విడుదలయ్యే శక్తే ఆ తల్లి. అయితే ఎం, ఎక్స్ అని జ్వాలకు ఇచ్చే తరగతి ఎక్స్‌రేల తీవ్రతను బట్టి ఉంటుంది. అది కోటి డిగ్రీలు దాటిన వాయువు వెలుగు. మీటర్ల పొడవున్న రేడియో తరంగాల్లో వచ్చే మోత మాత్రం కరోనా (సూర్యుడి బయటి వాతావరణం)లోంచి దూసుకుపోయే ఎలక్ట్రాన్ల పని. దారిలో ఉన్న ప్లాస్మాను, అంటే విద్యుదావేశమున్న వాయువును, అవి కదిపితే, అది తన సొంత పౌనఃపున్యంలో మోగుతుంది. లెక్క తేలికే: ఘన సెంటీమీటరులో ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం తీసి 9 కిలోహెర్ట్జ్‌తో హెచ్చవేయి. పది కోట్లుంటే 90 మెగాహెర్ట్జ్, సరిగ్గా మన ఎఫ్ఎం స్టేషన్లుండే చోటు. పైకి పోయాక సాంద్రత నాలుగో వంతుకు తగ్గితే 45. మోత కిందికి జారేది ఇందుకే.

ఆ జారుడును స్పెక్ట్రం బొమ్మలో (అడ్డంగా సమయం, నిలువుగా పౌనఃపున్యం) చూడ్డం నేర్చుకో. మోతల్ని తీరును బట్టి టైపులుగా విడదీస్తారు. టైప్ 3 కొన్ని సెకన్లలో పడిపోతుంది. కాంతి వేగంలో మూడో వంతు దాకా పరుగెత్తే ఎలక్ట్రాన్ల పుంజం అది. టైప్ 2 నిమిషాల తరబడి మెల్లగా దిగుతుంది, తరచూ రెండోది మొదటిదానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఉండే జంట గీతలుగా. దాని వెనక ఉన్నది షాక్ తరంగం. టైప్ 1 మోతల తుఫానులైతే జ్వాల ఊసే లేకుండా రోజుల తరబడి సాగగలవు. స్పెక్ట్రం బొమ్మలో కదలకుండా అడ్డంగా పడుకున్న గీతలు ఎఫ్ఎం ప్రసారాలు. అన్ని పౌనఃపున్యాల్లో ఒకే క్షణాన నిలువు గీత పడితే, మెరుపో పక్కింటి మోటారు స్విచ్చో అయ్యుంటుంది. కొత్తవాళ్లు దాన్నే టైప్ 3 అనేస్తారు.

ఉదాహరణకు 2006 డిసెంబర్ తీసుకో. 5న ఎక్స్ 9 జ్వాల. మర్నాడు అదే ప్రాంతం నుంచి ఎక్స్ 6.5, అంటే చిన్నదే. కానీ 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు పది లక్షల సౌర ఫ్లక్స్ యూనిట్ల (సూర్యుడి రేడియో తీవ్రతకు కొలత) మోత వచ్చింది ఆ రెండో రోజే. జీపీఎస్ రిసీవర్లు తడబడ్డాయి. (అంత పై పౌనఃపున్యంలో ఇందాకటి వర్గమూలం లెక్క ఒక్కటే చాలదు, అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లూ తోడవుతాయి.)

దీన్ని చదివి "హైదరాబాద్‌లో జీపీఎస్ ఆగిపోయింది" అని రాసేవు, జాగ్రత్త! ఆ ఎక్స్‌రేలు గరిష్ఠానికి చేరింది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 18:47కి. ఐదున్నర గంటలు కలుపు: మనకు అర్ధరాత్రి 12:17, తేదీ కూడా 7. దెబ్బ పడింది సూర్యుడికి ఎదురుగా ఉన్న సగం భూమి మీద. అందుకని ప్రతి సంఘటనకూ ముందు యూటీసీ, పక్కనే మన సమయం రాసి, అప్పుడు ఇక్కడ పొద్దు ఉందో లేదో చూసుకుని పంపు.