రబ్బరు బ్యాండు తీయబోతే నడుం పట్టేసింది

"యాభై దాటాక ఏ కారణమూ లేకుండా ఒంట్లో నొప్పులు రావడం సహజమేనా? మీకెవరికైనా అనుభవం ఉందా?" అని అడిగారు. సహజమే. నాకు 54 ఏళ్లు, అనుభవం కావలసినంత ఉంది. చిక్కంతా ఆ "ఏ కారణమూ లేకుండా" అన్న మాటతోనే. మన చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని చచ్చినా ఒప్పుకోరు.

నిరుడు ధనుర్మాసం నెల రోజులూ తెల్లవారకముందే లేచి వాకిట్లో ముగ్గులు పెట్టాను. వంచిన నడుం ఎత్తకుండా గంటసేపు చుక్కలు కలిపిన రోజులున్నాయి. కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటివాళ్ల రథానికి కలిపి మరీ లోపలికి వచ్చాను. ఏమీ కాలేదు. ముక్కనుమ పొద్దున కరివేపాకు కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు చేతిలోంచి జారి కింద పడింది. తీద్దామని వంగాను. నడుములో ఎవరో గొళ్లెం పెట్టినట్టయింది. కిందికి పోలేను, పైకి లేవలేను. వంటగది గట్టు పట్టుకుని సగం వంగి అలాగే ఉండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. చెయ్యి చాస్తే మీట అందుతుంది, చాచే ధైర్యమే లేదు. పాలు పొంగి, మంట ఆరిపోయి, వాసన హాల్లోకి వెళ్లాక మావారు పేపరు పక్కన పెట్టి వచ్చారు. పొయ్యి కట్టేసి, నన్ను చూసి, "గ్యాస్" అన్నారు. పొయ్యి సంగతి కాబోలు అనుకున్నాను. కాదట, నా ఒంట్లోదట!

మన ఇళ్లలో మడమ నొప్పి నుంచి గుండె నొప్పి దాకా మొదటి అనుమానం గ్యాస్ మీదే. (గుండె దగ్గర ఈ తెలివితేటలు ప్రాణం మీదికి తెస్తాయి, అది వేరే గొడవ.) మా ఆడపడుచు ఫోనులోనే వాతమని తేల్చి వంకాయ, బంగాళాదుంప మానేయమంది. స్కూల్లో తోటి టీచరు ముగ్గుల వల్లే అంది. నెల రోజులు ముగ్గులకు లొంగని నడుం రబ్బరు బ్యాండుకు లొంగుతుందా? ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న మా అమ్మాయి కూడా "ఏమో అమ్మా, ఆ అలసట కూడా కావచ్చు" అంది గానీ, నేను ఒప్పుకోలేదు.

ఇక రెండో అంతస్తు మామ్మగారు. పరామర్శకు వచ్చి, "ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టు వదులుతుందమ్మా. మా మనవరాలు ఎదురుకాళ్ల పిల్లే, పంపిస్తాను ఉండు" అన్నారు. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో నా దగ్గరే లెక్కలు చదువుకుంది, ఇప్పుడు ఇంజనీరింగ్. నా లెక్కల బుద్ధి ఊరుకుంటుందా? "ఆపరేషన్ చేసి తీశారు కదా మామ్మగారూ, మరి ఎదురుకాళ్లు లెక్కలోకి వస్తాయా?" అని అడిగాను. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. "కడుపులో ఉన్నన్నాళ్లూ కాళ్లు కిందికే కదమ్మా! డాక్టరమ్మ దారి మార్చిందంతే."

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. ముందు నా కాళ్లకు దండం పెట్టింది. "గట్టిగా తన్నాలా టీచర్, మెల్లగానా?" అని అడిగింది. మొదటి రెండుసార్లూ తన్నలేదు, భయం భయంగా అరికాలు ఆనించింది. పట్టీ చల్లగా తగిలింది. మూడోసారి నవ్వు ఆపుకోలేక కాలు కాస్త గట్టిగానే పడింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే నడుం కలుక్కుమంది. ఆ పిల్ల మళ్లీ నా కాళ్లకు దండం పెట్టి, మెట్ల మీద పకపకా నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు మావారు స్కాన్ తీయిద్దామన్నారు. అమ్మాయి వద్దంది. నడుం నొప్పి అసలే లేనివాళ్ల స్కాన్లన్నీ పోగేసి 2015లో ఒక సమీక్ష వచ్చిందట. అందులో 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి వెన్ను డిస్కులు అరిగినట్టు కనిపించింది. 80 ఏళ్లవాళ్లలో 96 శాతం. స్కాన్ తీస్తే నా వయసులో ఏదో ఒకటి కనిపించకుండా ఉండదు. కనిపించిందే కారణమనుకుని ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చుంటాం. కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఒక్క గంట కూడా ఆగొద్దని, అవేవీ లేకపోతే మంచం ఎక్కకుండా ఇంట్లోనే మెల్లగా తిరగమని చెప్పింది. తిరిగాను. తుమ్ము వచ్చేటట్టుంటే మాత్రం ముందే గుమ్మం పట్టుకునేదాన్ని.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. నలభై దాటాక దగ్గరి అక్షరాలు ఆనకపోతే మనం ఎవరినీ నిలదీయం. చత్వారం వచ్చిందంటాం, అద్దాలు తెచ్చుకుంటాం. ఆ మాట చత్వారింశత్ నుంచి వచ్చింది, అంటే నలభై. మాటలోనే వయసు ఉంది కాబట్టి వంకాయ తిన్నావా అని ఎవరూ అడగరు. మన పూర్వులు కంటికి చేసిన ఈ ఉపకారం నడుముకు, మోకాలికి, మడమకు ఎందుకు చేయలేదో! యాభైని పంచాశత్ అంటారు కదా, నడుం పట్టును "పంచాశం" అంటే సరిపోయేది. "పంచాశం వచ్చిందండీ" అంటే "అలాగా" అని ఊరుకుంటారు. స్టాఫ్ రూములో ఈ మాట ప్రవేశపెట్టి చూశాను. ఇద్దరు వాడుతున్నారు. తెలుగు మాస్టారు మాత్రం వ్యుత్పత్తి కుదరదని పేచీ పెట్టారు. ఆయనకింకా నలభై ఆరే.

పట్టు పదకొండో రోజున వదిలింది. ఎప్పుడు వదిలిందో కూడా తెలియలేదు. బకెట్ ఎత్తి పక్కన పెట్టాక, అరే, ఎత్తానే అనుకున్నాను. మావారు వాము నీళ్ల మహిమ అంటారు, ఆడపడుచు వంకాయ మానడం వల్లే అంటుంది. మామ్మగారి సంగతి చెప్పనక్కర్లేదు.

నెల రోజులుగా ఎడమ భుజం ఎత్తితే పట్టేస్తోంది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోవడం లేదు. అమ్మాయికి చెప్పాను, మావారికి చెప్పాను. మామ్మగారికి తెలియకుండా జాగ్రత్తపడుతున్నాను.