క్రైస్తవ కళాశాలల మీద చేసిన పీహెచ్‌డీని జర్నల్ పేపర్‌గా ఎలా మార్చాలి? మత ప్రచారం అని పక్కన పెట్టేస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: క్రైస్తవ కళాశాలల్లో చదివే విద్యార్థుల విశ్వాసం మీద పీహెచ్‌డీ పూర్తి చేశారు. మీరు కూడా అలాంటి కళాశాలలోనే పాఠాలు చెబుతున్నారు. అందులో ఒక అధ్యాయాన్ని జర్నల్‌కి పంపాలని ఉంది, కానీ "ఇది పరిశోధన కాదు, ప్రసంగం" అంటారేమోనని భయం. ఏ జర్నల్‌కి పంపాలో కూడా తెలియడం లేదు.

ఆరేళ్ళ కిందట నేనూ ఇదే భయంతో ఉన్నాను. ఇప్పుడు చూస్తే నేను భయపడాల్సింది దానికి కాదనిపిస్తుంది. ఈ రంగంలో ఎడిటర్లు, సమీక్షకులు చాలామంది క్రైస్తవ కళాశాలల్లో పనిచేసేవాళ్ళే. విశ్వాసం అన్న మాట కనబడగానే మొహం తిప్పుకునే రకం కాదు. వాళ్ళు పట్టుకునేది మరొకటి. మీకు బాగా అలవాటైన చోటు కాబట్టి మీ కంటికి ఆనకుండా పోయినదేదో ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటారు. నా పేపర్ దెబ్బతిన్నది అక్కడే. అందుకే ఆ కథే ముందు చెబుతాను, జర్నళ్ళ సంగతి తర్వాత.

నేను మూడు క్రైస్తవ కళాశాలల్లో 412 మంది చేత ప్రశ్నావళి నింపించాను. వాడింది ఆధ్యాత్మిక క్షేమాన్ని కొలిచే ఒక పాత కొలమానం. రేమండ్ పలౌట్జియన్, క్రెయిగ్ ఎలిసన్ తయారు చేసింది, 1982 నుంచి వాడుకలో ఉంది. 20 వాక్యాలు ఉంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 6 వరకు మార్కు. అంటే అతి తక్కువ స్కోరు 20, అతి ఎక్కువ 120. మా విద్యార్థుల సగటు 109 వచ్చింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. మా గైడ్ కూడా భుజం తట్టారు. "క్రైస్తవ కళాశాలలు విద్యార్థుల ఆధ్యాత్మిక ఎదుగుదలకు దోహదం చేస్తున్నాయి" అని గట్టిగా ముగింపు రాసి పంపేశాను.

ఆరో రోజుకే తిరిగొచ్చింది. సమీక్షకుల దాకా కూడా వెళ్ళలేదు. ఎడిటర్ రాసింది రెండే విషయాలు. ఒకటి, అందరి తలా పైకప్పుకి తగులుతుంటే ఎవరెంత ఎత్తో ఆ గదిలో కొలవలేం. చర్చి నేపథ్యం ఉన్నవాళ్ళకి ఈ కొలమానం ఇస్తే స్కోర్లన్నీ పైనే గుమిగూడతాయని ఎప్పుడో తేలిన సంగతి, నేనే చదవలేదు. రెండు, ఒక్కసారి కొలిచి "ఎదుగుదల" అని ఎలా అంటారు? నిజమే. ఎదుగుదల అనాలంటే కనీసం రెండుసార్లు కొలవాలి. అది మొదటి ఏడాది విద్యార్థులకి కూడా తెలిసిన విషయం. ఫలితం మనకి నచ్చింది కాబట్టి ఎవరం అడగలేదు.

సరిచేసి ఇంకో జర్నల్‌కి పంపాను. ఈసారి సమీక్షకి వెళ్ళింది, ఐదు నెలల తర్వాత కామెంట్లు వచ్చాయి. ఇద్దరు సమీక్షకుల్లో ఒకరు మర్యాదగా పొగిడి నాలుగు చిన్న సవరణలు చెప్పారు. రెండో ఆయనో ఆవిడో గానీ, ఒక్క ప్రశ్న అడిగారు: విద్యార్థులు ఆ కాగితాలు నింపుతున్నప్పుడు గదిలో ఎవరు నిలబడి ఉన్నారు?

నేనే. ఉదయం చాపెల్ ప్రార్థన అయిపోయాక, అదే హాల్లో, అదే బెంచీల మీద, వాళ్ళకి మార్కులు వేసే నేను నిలబడి కాగితాలు పంచాను. "దేవుడితో నాకు అర్థవంతమైన సంబంధం ఉంది" లాంటి వాక్యానికి ఆ హాల్లో కూర్చున్న పిల్లవాడు 2 వేస్తాడా? ఈ సంగతి నా థీసిస్‌లో ఎక్కడా లేదు. వైవాలో కూడా ఎవరూ అడగలేదు. దాచాలని దాచింది కాదు. మా కళాశాలలో ఏ ప్రకటనైనా చాపెల్ తర్వాతే చెబుతాం. అందులో రాయాల్సినంత విశేషం ఉందని నాకు తోచనే లేదు.

మొత్తం డేటా మళ్ళీ సేకరించడం కుదరలేదు. ఒక్క కళాశాలలో మాత్రం, నేను లేకుండా, పేరు అడగకుండా, ఆన్‌లైన్‌లో 96 మంది చేత నింపించాను. సగటు 98కి దిగింది. ఇక్కడ తొందరపడకండి, నేనూ పడ్డాను. కాగితం పోయి ఫోన్ వచ్చింది, నింపిన విద్యార్థులు వేరు, నెల వేరు. తేడా అంతా చాపెల్ హాలు వల్లే అని చెప్పడానికి లేదు. అదే రాయమన్నారు, అదే రాశాను. చివరికి పేపర్ విషయమే మారిపోయింది. "మా విద్యార్థుల ఆధ్యాత్మికత ఎక్కువ" అన్నది పోయి "ఎక్కడ, ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారవచ్చు" అన్నది మిగిలింది. మొదటి దానికంటే చిన్న మాటే. కానీ తీసుకున్నది దాన్నే. ఈ రెండో జర్నల్‌కి పంపిన రోజు నుంచి అచ్చయ్యేదాకా 13 నెలలు పట్టింది.

మీరు కూడా విశ్వాసాన్నే కొలిచారు కాబట్టి ఇంకొకటి. విశ్వాసం అన్న ఒక్క మాట కింద మనం రెండు మూడు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తుంటాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో అలెగ్జాండర్ ఆస్టిన్, హెలెన్ ఆస్టిన్ బృందం చేసిన పెద్ద అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. 2004లో 236 కళాశాలల్లో 1,12,232 మంది కొత్త విద్యార్థుల్ని అడిగారు. 2007లో వాళ్ళలో 136 కళాశాలలకు చెందిన 14,527 మందిని మళ్ళీ అడిగారు. ఆరాధనకు వెళ్ళడం లాంటివి ఈ మూడేళ్ళలో కొంత తగ్గాయి. జీవితానికి అర్థం వెతుక్కోవడం, ఇతరుల పట్ల కరుణ లాంటివి పెరిగాయి. మొదటిది మాత్రమే కొలిచిన పరిశోధకుడు "కళాశాల విశ్వాసాన్ని చంపేస్తోంది" అని రాసేవాడు, రెండోది మాత్రమే కొలిచినవాడు దానికి సరిగ్గా ఉల్టా రాసేవాడు. ఇద్దరూ నిజాయితీపరులే అయ్యుండేవారు. మీరు కొలిచింది చర్చికి వెళ్ళడమా, ఒంటరిగా చేసుకునే ప్రార్థనా, లోపలి నమ్మకమా? మళ్ళీ సర్వే చేసే అవకాశం ఉంటే డ్యూక్ విశ్వవిద్యాలయం పేరుతో ఉన్న మత సూచికని చూడండి. ఐదే ప్రశ్నలు, ఈ మూడింటినీ విడివిడిగా అడుగుతుంది.

ఇక "క్రైస్తవ" అన్న మాట. మీ థీసిస్ శీర్షికలోనే ఉండి ఉంటుంది. లోపల ఎక్కడైనా నిర్వచించారా? నేను నిర్వచించలేదు. మిషనరీలు పెట్టారు కాబట్టి క్రైస్తవ కళాశాల, అంతే అనుకున్నాను. స్థాపించినవాళ్ళని బట్టే లెక్కేస్తే 1636లో మొదలైన హార్వర్డ్ ఇవాళ్టికీ క్రైస్తవ కళాశాలే అనాలి, ఎవరూ అలా అనరు. మరి దేన్ని చూడాలి? అధ్యాపకుల్నా? అమెరికాలో 1976లో ఏర్పడిన క్రైస్తవ కళాశాలల మండలిలో పూర్తి స్థాయి సభ్యత్వం కావాలంటే పూర్తికాలపు అధ్యాపకులందరూ విశ్వాసులే ఉండాలి. కాథలిక్ విశ్వవిద్యాలయాల గురించి పోప్ రెండవ జాన్ పాల్ 1990లో ఇచ్చిన శాసనం అంత దూరం పోదు, కాథలిక్కులు కాని అధ్యాపకులు మెజారిటీ కాకూడదంటుంది. ఈ రెండు చోట్లా "క్రైస్తవ కళాశాల" అంటే ఒకే వస్తువు కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అబ్రహాం కైపర్ 1880లో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ మార్గంలో ప్రారంభించిన ఫ్రీ విశ్వవిద్యాలయం తర్వాతి కాలంలో అన్ని నమ్మకాలవాళ్ళకీ తలుపులు తెరిచింది. దాన్ని ఏ సంవత్సరం వరకు ఆ లెక్కలో వేస్తారు?

కాబట్టి మీ కళాశాలల గురించి ఒక పేరా పొడిగా రాయండి. పాలకమండలిలో చర్చి వాటా ఎంత, ప్రిన్సిపల్‌ని ఎవరు నియమిస్తారు, ఉద్యోగానికి విశ్వాసం షరతా కాదా, చాపెల్‌కి రావడం తప్పనిసరా, విద్యార్థుల్లో క్రైస్తవులు సుమారు ఎంత శాతం. ఈ చివరి అంకె నా పేపర్‌లో లేకపోతే సమీక్షకులు ఆశ్చర్యపోయారు. మూడింటిలో ఒక కళాశాలలో క్రైస్తవ విద్యార్థులు సగం కూడా లేరు. వాళ్ళందరి స్కోర్లూ కలిపి "క్రైస్తవ విద్యార్థుల ఆధ్యాత్మికత" అన్నాను నేను!

నేపథ్యం రాసేటప్పుడు జార్జ్ మార్స్‌డెన్ 1994లో, జేమ్స్ బర్చెల్ 1998లో చెప్పిన కథని రెండు పేజీలు వర్ణించకండి. చర్చిలు పెట్టిన కళాశాలలు క్రమంగా చర్చికి దూరమయ్యాయన్న ఆ కథ ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. బర్చెల్ 17 కళాశాలల చరిత్రని తవ్వి చూపించాడు, అదంతా అమెరికా సంగతి. మీ డేటా ఆ కథకి ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్నది నాలుగు వాక్యాల్లో చెబితే చాలు.

జర్నళ్ళు. పేరే "క్రిస్టియన్ హయ్యర్ ఎడ్యుకేషన్" అయిన జర్నల్ ఒకటి ఉంది. 2002లో మొదలైంది, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళది. మీ విషయానికి సూటిగా సరిపోయేది అదే. "జర్నల్ ఆఫ్ రీసెర్చ్ ఆన్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్" 1992 నుంచి వస్తోంది, పాఠశాలల మీద పరిశోధన కూడా వేస్తుంది. సంఖ్యలు తక్కువ, ఆలోచన ఎక్కువ ఉన్న అధ్యాయమైతే 1970 నుంచి వస్తున్న "క్రిస్టియన్ స్కాలర్స్ రివ్యూ" చూడండి. విద్యకీ విశ్వాసానికీ సంబంధం గురించిన వ్యాసమైతే సేజ్ వాళ్ళ "ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ క్రిస్టియానిటీ అండ్ ఎడ్యుకేషన్" ఉంది. ఒకేసారి రెండింటికి పంపడం మాత్రం నిషిద్ధం. రంగం చిన్నది, ఇద్దరు ఎడిటర్లూ ఒకే సమీక్షకుణ్ణి అడిగే అవకాశం బాగా ఉంది.

ఈ నాలుగూ కాకుండా, మామూలు ఉన్నత విద్య జర్నల్‌కి పంపే ధైర్యం చేయవచ్చా అంటే, చేయవచ్చు. అక్కడ మీ ప్రశ్న "విద్యార్థుల విశ్వాసం" అని కాక "సంస్థ విలువలు విద్యార్థుల మీద పని చేస్తాయా" అని ఉండాలి. నా రెండో పేపర్ అలాగే వెళ్ళింది. నిజం చెప్పాలంటే దాన్ని ఇంకా ఎక్కువమంది చదివారు.

బైబిల్ వచనంతో మొదలై "మీ అమూల్యమైన పేపర్ పంపండి" అని మెయిల్ వస్తే జాగ్రత్త. నాకూ ఒకటి వచ్చింది, ఆశపడి పంపాను. రెండో రోజే ఆమోదం, వెంటనే ఫీజు బిల్లు. రెండు రోజుల్లో సమీక్ష అవదని అప్పటికైనా బుర్ర వెలిగి, రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాను. పాఠకులు, గ్రంథాలయాలు కట్టే చందాల మీద నడిచే జర్నళ్ళు సాధారణంగా రచయిత దగ్గర డబ్బు అడగవు.

అనుమతి గురించి ఒక మాట. ఒక కళాశాల ప్రిన్సిపల్ సర్వేకి సంతోషంగా ఒప్పుకుని, ఫలితాలు చూశాక ఒక పట్టిక తీసేయమన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, అడ్మిషన్ల టెన్షన్ ఆయనకుంటుంది. కానీ నా దగ్గర ఉన్నది నోటిమాట అనుమతి మాత్రమే. చివరికి కళాశాలల వారీగా ఉన్న అంకెల్ని కలిపేసి బయటపడ్డాను, దానివల్ల విశ్లేషణ బలం తగ్గింది. మీరింకా సర్వేలు చేసేట్టయితే, ఫలితం ఎలా ఉన్నా ప్రచురించే స్వేచ్ఛ పరిశోధకుడిదే అని ముందే ఉత్తరంలో రాయించుకోండి. బదులుగా కళాశాల పేరు బయటపెట్టనని మీరు రాసివ్వండి. పేరు తీసేస్తే సరిపోదు సుమా. ఫలానా సంఘం, ఫలానా సంవత్సరంలో పెట్టిన మహిళా కళాశాల అని రాస్తే, తెలిసినవాళ్ళకి అది పేరు చెప్పినట్టే.

సమీక్షకుల కామెంట్లు వచ్చినప్పుడు వెంటనే జవాబు రాయకండి. నేను మొదటి రోజు రాసింది నాలుగు పేజీల రోషం, పంపలేదు కాబట్టి బతికిపోయాను. వారం ఆగి ప్రతి కామెంటుకీ విడిగా, ఏం మార్చానో, ఏ పేజీలో మార్చానో రాశాను. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోలేదో కూడా. ఒకరు బైబిల్ ఆధారాలు చేర్చమన్నారు, మరొకరు ఉన్నవి తగ్గించమన్నారు. అప్పుడు ఎడిటర్‌నే అడిగాను, ఆవిడ తేల్చారు.

జర్నల్ ఎంచుకునే ముందు ఇవాళే ఒక పని చేయండి. మీ పద్ధతి అధ్యాయం తెరిచి, ప్రశ్నావళి ఎవరు ఇచ్చారు, ఏ గదిలో, ఏ సమయానికి, ఎవరి ఎదుట అన్నది రాసి ఉందేమో చూడండి. లేకపోతే గుర్తున్నప్పుడే రాసిపెట్టుకోండి. సమీక్షకుల ప్రశ్న వచ్చేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఆ ఉదయం హాల్లో నాతో పాటు ఇంకెంతమంది లెక్చరర్లు ఉన్నారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు లేదనే పేపర్‌లో రాయాల్సి వచ్చింది.