‘టెన్ ఇయర్స్’లో ఎస్ ఎందుకు కొట్టేశారు?

ప్రశ్న: మాస్టారూ, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ‘ఎ టెన్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ అని రాస్తే టీచరుగారు ఎస్ కొట్టేశారు. ‘ది బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్’కి మాత్రం రైట్ పెట్టారు. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరుగారు దిద్దింది సరైనదేనమ్మా. కాకపోతే కారణం కూడా చెప్పాల్సింది. ఊరికే కొట్టేస్తే పిల్లలకు అదొక గుడ్డి రూలుగా మిగిలిపోతుంది.

మొదటి వాక్యంలో టెన్, ఇయర్, ఓల్డ్ మూడూ కలిసి ఒకే విశేషణమై ‘బాయ్’ ముందు నిలబడ్డాయి. అప్పుడు ఎస్ పెట్టరు, మాటల మధ్య హైఫన్లు పెడతారు: ‘టెన్-ఇయర్-ఓల్డ్ బాయ్’. ‘ఈజ్’ తర్వాత అవి విడివిడి మాటలు. ఎస్ ఉంటుంది, హైఫన్లుండవు.

మన పిల్లలు ఇక్కడ తడబడటం సహజం. ‘పదేళ్ల అబ్బాయి’, ‘ఆరడుగుల మనిషి’ అని మనం బహువచనమే వాడతాం. నిజానికి పాత ఇంగ్లిష్‌దీ ఇదే పద్ధతి! వెయ్యేళ్ల కిందట వాళ్లు ‘అడుగుల’ అనడానికి ‘ఫోట’ అనేవారు. చివరి ఆ అచ్చు మన ‘ల’ చేసే పనే చేసేది. అది అరిగిపోయాక ‘ఫుట్’ మిగిలి, ఏకవచనంలా కనిపిస్తోంది. ‘సిక్స్-ఫుట్ మ్యాన్’ అలా వచ్చిందే.

క్లాసులో నేనిది నోట్లు చూపించి చెప్పేవాణ్ని. పది నోటు మీద, గవర్నరు సంతకానికి పైనున్న వాక్యంలో ‘టెన్ రుపీస్’ అని ఉంటుంది. అది సొమ్ము. ఆ కాగితాన్ని మాత్రం ‘టెన్-రుపీ నోట్’ అనాలి.

హైఫన్‌ను చిన్నచూపు చూడనివ్వకండి. 2017లో 200 నోటు వచ్చాక దాని విలువ ఇంకా బాగా తెలుస్తోంది. ‘టూ హండ్రెడ్-రుపీ నోట్స్’ అంటే వంద రూపాయల నోట్లు రెండు. ‘టూ’ పక్కన కూడా హైఫన్ పెడితే అవి రెండువందల రూపాయల నోట్లు, ఎన్నో తెలియదు. మనకు ‘వంద’, ‘వందల’ ఆ తేడా చెప్పేస్తాయి. వాళ్లకు రాతలో ఆ గీతే ఆధారం.

ఇంకొక్కటి. ‘బాయ్’ తీసేసి పదేళ్ల పిల్లలందరినీ కలిపి చెబితే ఎస్ మళ్లీ వస్తుంది, కానీ చివర్న: ‘టెన్-ఇయర్-ఓల్డ్స్’. ‘ఇయర్’ జోలికి అప్పుడూ వెళ్లొద్దని అమ్మాయికి చెప్పండి.