పెళ్లయ్యాక ఇంటిపేరు మార్పు: ముందు మీ ఆయన పేరులోని పొడి అక్షరం సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: పుట్టిల్లు ఆంధ్రలోని పార్వతీపురం, అత్తవారిది ఒడిశాలోని రాయగడ. పెళ్లి రిజిస్ట్రేషన్ అయింది. ఆధార్‌లో ఇంటిపేరు మార్చమంటే మ్యారేజ్ సర్టిఫికెట్ చూసి కుదరదన్నారు. బ్యాంకులో అఫిడవిట్ అడిగారు. ఇప్పుడు ఏది ముందు చేయాలి?

ఆ సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీసి చూడండి. మీ ఆయన పేరు 'కె. శ్రీనివాసరావు' అన్నట్టు పొడి అక్షరంతో ఉంటే చిక్కు అక్కడే ఉంది. మ్యారేజ్ సర్టిఫికెట్ మీ కొత్త పేరు చెప్పదు. పెళ్లినాటి పేర్లతో ఫలానా ఇద్దరికీ పెళ్లయిందని చెబుతుంది, అంతే. మీరు పెట్టుకోబోయే ఇంటిపేరు మీ ఆయన పేరులో పూర్తిగా కనబడితేనే కౌంటర్లో మనిషి రెండింటినీ కలిపి చూడగలడు. 'కె' అంటే కొరాడో కర్రో కోటో ఒడియా ఆపరేటరుకి ఎలా తెలుస్తుంది? పైగా అక్కడ ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి అతని కంటికి 'రావు' ఇంటిపేరుగా కనిపిస్తుంది. మీ పేరు లత అనుకోండి, 'లతా రావు' అని రాసేస్తే సరిపోతుంది కదా అంటాడు. ఒప్పుకోకండి. తర్వాత అది విప్పుకోవడానికి ఇంకో మార్పు ఖర్చవుతుంది.

అందుకని ముందు మీ ఆయన ఆధార్‌లో పొడి అక్షరం బదులు ఇంటిపేరు పూర్తిగా వేయించండి. దానికి ఆయన పాన్ కార్డు చాలాసార్లు పనికొస్తుంది. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు తీసుకోరు కాబట్టి కార్డు మీద కూడా సాధారణంగా ఇంటిపేరు పూర్తిగానే ఉంటుంది. ఆ తర్వాత మ్యారేజ్ సర్టిఫికెట్‌లో సవరణకి అర్జీ పెట్టండి. ఏ ఆఫీసు ఇచ్చిందో ఆ ఆఫీసులోనే పెట్టాలి. పార్వతీపురంలో రిజిస్టరైన కాగితాన్ని రాయగడ ఆఫీసు ముట్టుకోదు. ఇంకా రిజిస్ట్రేషన్ కానివాళ్లు ఇది చదువుతుంటే, దరఖాస్తులో రెండు ఇంటిపేర్లూ పూర్తిగా రాయండి, తర్వాత సగం తిరుగుడు తప్పుతుంది. శుభలేఖలు కొట్టించేటప్పుడు ఓ ఐదారు ఇంగ్లీషులో కూడా కొట్టించి పక్కన పెట్టుకోండి. పెళ్లి రుజువుగా అడిగినచోట తెలుగు శుభలేఖ ఇస్తే గుణుపురంలోనో జయపురంలోనో చదివే దిక్కుండదు.

సర్టిఫికెట్ సవరణ కుదరకపోతే గెజెట్ దారి ఉంది, అంటే ప్రభుత్వం అచ్చువేసే అధికారిక ప్రకటనల పత్రికలో పేరు మార్పు వేయించుకోవడం. ముందు అఫిడవిట్, తర్వాత పేపరు ప్రకటన, ఆ రెండూ జతచేసి గెజెట్ దరఖాస్తు. ఒడిశా గెజెట్ కటక్ మధుపట్నలోని ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వస్తుంది. మహారాష్ట్ర సరిహద్దువాళ్లయితే అక్కడి గెజెట్‌కి ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. మూడు కాగితాల్లోనూ పాత పేరు, కొత్త పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. పేపరు ప్రకటన రాసేవాడు తన అలవాటు కొద్దీ స్పెల్లింగ్ మార్చేస్తాడు. అచ్చుకి వెళ్లేముందు నమూనా మీ కళ్లతో చూడండి. ఉత్త నోటరీ అఫిడవిట్ మాత్రం రుజువు కాదు. మీరు చెప్పిన మాటకి మీరే సంతకం పెట్టిన కాగితం అది.

స్పెల్లింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, సరిహద్దులో పేర్లు పాడయ్యేది ఇక్కడే. మనం 'లత' అని ఇంగ్లీషులో రాస్తే టి పక్కన హెచ్ వేస్తాం. ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు వెయ్యరు. మనం 'లక్ష్మి'కి కె, ఎస్, హెచ్ రాస్తే వాళ్లు ఎక్స్ రాస్తారు. ఒడియాలో వ-బ తేడా పెద్దగా పాటించరు, అందువల్ల 'వెంకట' కాస్తా 'బెంకట' అవుతుంది. ఆధార్‌లో ఇంగ్లీషు పేరుతో పాటు స్థానిక భాషలోనూ పేరు ఉంటుంది. ఆపరేటరు ఒడియాలో సరిచేస్తూ పొరపాటున ఇంగ్లీషు వైపు కూడా ముట్టుకుంటాడు. రసీదు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి రెండు లైన్లూ అక్షరం అక్షరం చదవండి. మీకు ఒడియా రాకపోతే వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. స్పెల్లింగ్ దిద్దుబాటు కూడా అందులో లెక్కే. చిన్నప్పుడు ఒకసారి దిద్దించుకుని ఉంటే మీకు మిగిలింది ఒక్కటే. సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకెళ్లండి, అక్కడే స్కాన్ చేసి ఇచ్చేస్తారు. తిరస్కరిస్తే రసీదు మీది నంబరుతో 1947కి ఫోన్ చేసి కారణం అడగండి. కారణం తెలియకుండా అదే కాగితంతో మళ్లీ వెళ్లడం దండగ. ఇంకో సంగతి, ఆధార్‌లో కేరాఫ్ అని భర్త పేరుంటే అది అడ్రసులో భాగమే, బంధానికి రుజువు కాదు.

ఆధార్ తర్వాత పాన్. నంబరు మారదు, పేరే మారుతుంది. పెళ్లయిన ఆడవాళ్లకి మ్యారేజ్ సర్టిఫికెట్, శుభలేఖ, గెజెట్, భర్త పేరున్న పాస్‌పోర్టు, గెజెటెడ్ అధికారి ఇచ్చిన ధ్రువపత్రం, వీటిలో ఏదైనా చెల్లుతుంది. తండ్రి పేరు గడిలో తండ్రి పేరే రాయాలి. అక్కడ భర్త పేరు రాసి తిప్పించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దరఖాస్తులో చివరి పేరు గడిలో ఇంటిపేరు వేస్తే కార్డు మీద అది వెనక్కి వెళ్తుంది. మన వరసలోనే కావాలంటే 'కార్డు మీద ముద్రించాల్సిన పేరు' అన్న గడిలో ఇంటిపేరు ముందు రాయండి.

ఇక బ్యాంకు. రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో (ఖాతాదారు గుర్తింపు నియమాల్లో) స్పష్టంగా ఉంది: గుర్తింపు పత్రం ఇచ్చాక పేరు మారినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ గెజెట్ గానీ జతచేస్తే ఆ పాత పత్రమే చెల్లుతుంది. అంటే కొత్త ఆధార్ వచ్చేదాకా ఆగమనడానికి వీల్లేదు, అఫిడవిట్ కూడా అక్కర్లేదు. మౌఖికంగా వాదించకండి, ఈ సంగతి అర్జీలో రాసి ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. పాత పేరుతో చెక్కులేవైనా రావాల్సి ఉంటే అవి జమయ్యాకే పేరు మార్పించండి. సంతకం మారుతుంటే కొత్త నమూనా సంతకం కూడా అదే రోజు ఇచ్చేయండి.

ఓటరు కార్డుకి ఫారం 8, ఖర్చు లేదు. పాస్‌పోర్టుకి రీఇష్యూ, 36 పేజీలదానికి మామూలుగా 1500 రూపాయలు.

సిరొంచ, రాజురా, ధర్మాబాద్ వైపువాళ్లకి చిక్కు వేరు. మహారాష్ట్రలో పేరుకి మూడు ముక్కలు: ఇంటిపేరు, సొంత పేరు, మధ్యలో పెళ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. తెలంగాణ నుంచి వచ్చిన కోడలి పేరులో రెండే ముక్కలుంటాయి. ఆపరేటరు మధ్యలో భర్త పేరు ఇరికిస్తాడు. అప్పుడు ఆధార్‌కీ పాన్‌కీ పొంతన కుదరదు. మూడు ముక్కలు కావాలంటే అన్నిచోట్లా మూడే, వద్దంటే అన్నిచోట్లా రెండే. ఫారం నింపకముందే తేల్చుకోండి.

ముట్టుకోకూడనివి రెండు. పదో తరగతి, డిగ్రీ సర్టిఫికెట్లు పుట్టింటి పేరుతోనే ఉండనివ్వండి. ఉద్యోగ దరఖాస్తుకి మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ గెజెట్ గానీ జతచేస్తే చాలు. కుల ధ్రువపత్రం పుట్టుకతో, తండ్రి వైపు కాగితాలతో వచ్చేది. పెళ్లితో దాన్ని మార్చించబోతే లేని ప్రశ్నలు లేస్తాయి.

అసలు ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా అనలేదు. చదువు కాగితాలతో ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవాళ్లయితే పాత పేరే ఉంచుకుని, భార్యాభర్తలని చూపాల్సినచోట మ్యారేజ్ సర్టిఫికెట్ చూపడం తేలికని నా అభిప్రాయం. మీరు మాత్రం మొదలుపెట్టేశారు కాబట్టి, ఈలోగా కాన్పు ఉంటే ఆసుపత్రిలో ఆ రోజుకి ఆధార్‌లో ఏ పేరుందో అదే రాయించండి. బిడ్డ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు అక్కడి నుంచే వెళ్తుంది. 21 రోజుల్లోపు నమోదుకి రుసుము లేదు. డిశ్చార్జి చీటీలో తప్పుంటే ఆసుపత్రి గుమ్మం దాటకముందే దిద్దించుకోండి.