మా పాప బొమ్మల్లో మాకు అందం కనపడలేదు, బీఎఫ్‌ఏకి పంపాలా?

చిత్తూరు దగ్గర నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న ఇది. కొంచెం తగ్గించి ఇస్తున్నాను.

"మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. వేంకటేశ్వరస్వామిని వేస్తే అచ్చం ఫొటోలాగే ఉండేది, చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. ఏడాదిగా అవన్నీ మానేసి గీతలు, మచ్చలు వేస్తోంది. మోడరన్ ఆర్ట్ అంటుంది. నాకూ వాళ్ళమ్మకూ అందులో అందం ఏమీ కనపడలేదు. బీటెక్ వద్దు, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ చేస్తానంటోంది. మాది మామిడి తోట. పోయిన సీజన్లో తోతాపురి రేటు పడిపోయి మా లోడు ఫ్యాక్టరీ ముందు రెండు రోజులు నిలిచిపోయింది, అప్పులున్నాయి. మొన్న బంధువుల ముందు కోపం వచ్చి పిచ్చి గీతలు మానెయ్యమన్నాను, పది రోజులుగా రంగులు ముట్టలేదు. అంతగా బొమ్మలే కావాలంటే యానిమేషన్‌లోనో యూఐ, యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు డిజైన్ చేసే) కోర్సులోనో చేర్చమని మా బావమరిది అంటున్నాడు. ఏది మంచిదో పోల్చి చెప్పండి. పాప వేసిన మూడు బొమ్మల ఫొటోలు పంపుతున్నాను."

సార్, ఎంట్రన్స్ ఎప్పుడు, ఎన్ని మార్కులు, ఏ సర్టిఫికెట్లు కావాలి, ఇవన్నీ యూనివర్సిటీల సైట్లలో ఉంటాయి, పాప ఈపాటికే చూసి ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోను. మీరు అడిగింది పోలిక, అదీ చెబుతాను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైంది వేరే. బాగా వేసే పిల్ల ఏదో భ్రమలో పడి చేయి పాడుచేసుకుంటోందని, ఇప్పుడు మీరు ఆపకపోతే రేపు మిమ్మల్నే అంటుందని భయపడుతున్నారు. తిరుపతిలో కూర్చుని ఏళ్ళ తరబడి పిల్లల చదువులకు సలహా చెప్పే ఈ పని చేస్తున్నాను, పలమనేరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే భయంతో వస్తారు. అందరూ కోర్సు గురించే అడుగుతారు, అసలు బాధ మాత్రం పిల్లకు కనపడేది తమకు కనపడకపోవడం.

ముందు మీ సంగతే చూద్దాం. మామిడికాయలు కొనే ర్యాంపు దగ్గర ట్రాక్టరు ఆగగానే మీరు ఒక్క చూపు చూసి చెప్పేస్తారు కదా, కాయ ముదిరిందా, లేతగా కోశారా, పైన మంచివి పరిచి కింద మచ్చకాయ పోశారా అని. అదే లోడు ముందు నన్ను నిలబెడితే నాకు కనపడేది ఒక పచ్చటి కుప్ప, అంతే. నా కంటికి జబ్బు లేదు, మీ కంటికి ముప్పై సీజన్ల అలవాటు ఉంది. కాయ భుజం ఎంత నిండిందో, రంగు ఎక్కడ తిరగబోతోందో ఎవరూ పుస్తకంలో రాసివ్వలేదు, చూసి చూసి వచ్చింది. బొమ్మ చూడటం కూడా ఇలాగే వస్తుంది సార్. పాప ఏడాదిగా ఆ చూపు నేర్చుకుంటోంది, మీరింకా మొదలుపెట్టలేదు. మీకు కనపడలేదు అన్నది నిజమే, కానీ అందులో ఏమీ లేదు అనడానికి అది సాక్ష్యం కాదు.

ఇక ఆ మూడో ఫొటో. మొదట నేనూ దాటేశాను, నల్లటి నేల మీద పసుపు ముక్కలు అనుకుని. రాత్రి మళ్ళీ తెరిచి ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. పసుపు దీర్ఘచతురస్రాలు పదకొండు ఉన్నాయి, ఎడమ వైపు కింద పెద్దగా మొదలై ఒకదాని వెనక ఒకటి కుడి పై మూలకు పోయేకొద్దీ చిన్నవవుతున్నాయి. రెండిటి మధ్య ఖాళీ వేలెడు కూడా లేదు, ఒక్క చోట మాత్రం కొంచెం ఎక్కువ వదిలింది, కన్ను పోయి అక్కడ ఆగుతుంది. ముందున్న పసుపు శుభ్రంగా ఉంది, వెనక్కి పోయేకొద్దీ గోధుమరంగు కలిపింది, చివరి రెండిటికీ దాదాపు నల్లటి నేల రంగే వచ్చేసింది. నాకు అది ఫ్యాక్టరీ ముందు రాత్రిపూట వరసలో నిలబడిన ట్రాక్టర్లలా అనిపించింది. ఆ రెండు రోజులు మీకు క్యారియరు ఎవరు తెచ్చారు సార్? పాపేనా? నా ఊహ తప్పు కావచ్చు, తననే అడగండి.

ఒక్క జాగ్రత్త. ఒకవేళ అవి ట్రాక్టర్లే అయినా, ఓహో ట్రాక్టర్లా, ఇప్పుడు అర్థమైంది, బాగుంది అని ఊరుకోవద్దు. మోడరన్ ఆర్ట్ పొడుపుకథ కాదు, విప్పితే అయిపోవడానికి. ట్రాక్టర్లు అని తెలియకముందే ఆ బొమ్మ నన్ను ఒక చోట ఆపింది, ఆ ఖాళీ దగ్గర, ఆ రంగు మురిగిపోతున్న చోట. ఆ ఆపడమే దాని అందం. ఇంట్లో ధనుర్మాసంలో వాళ్ళమ్మ మెలికల ముగ్గు వేస్తే, ఇది దేని బొమ్మ అని మీరెప్పుడూ అడిగి ఉండరు. చుక్క ఒకటి పక్కకు జరిగితే మాత్రం గడపలోంచే ఆవిడకు తెలిసిపోతుంది.

అందం అంటే ఫొటోలా ఉండటమే అనే లెక్క చిత్రకారులకు కూడా చాలాకాలం ఉండేది. 1839లో ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసింది, ఆ తర్వాత ముఖం ముఖంలాగే కావాలంటే కెమెరా ఉంది, మరి నా చేయి ఏం చూపించాలి అని వాళ్ళే వెతుక్కోవడం మొదలుపెట్టారు. కాండిన్‌స్కీ అని రష్యా ఆయన, అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకు, అంటే ఏ వస్తువునూ పోలకుండా గీతలు, రంగులతోనే వేసే బొమ్మలకు దారి వేసినవాళ్ళలో ఒకరు. 1896 ప్రాంతంలో మాస్కోలో ఒక ప్రదర్శనలో ఫ్రాన్స్ చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము బొమ్మ ముందు నిలబడి, అది గడ్డివాము అని పక్కనున్న కేటలాగు చూస్తే గానీ తెలుసుకోలేకపోయారు. వస్తువు తెలియకుండా వేసే హక్కు చిత్రకారుడికి లేదని చిరాకుపడ్డారు కూడా. అయినా ఆ బొమ్మ ఆయన్ను వదల్లేదు. లా చదివి పాఠాలు చెప్పే మనిషి, ముప్పై ఏళ్ళ వయసులో అది వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్ళిపోయారు. మీకు వచ్చిన చిరాకే ఆయనకూ వచ్చింది సార్, కాకపోతే ఆయన దాన్ని అక్కడితో వదిలెయ్యలేదు.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను డచ్ చిత్రకారుడు మోండ్రియన్ వేసిన చెట్లు మూడు ప్రింట్లు తీసి టేబుల్ మీద పరుస్తాను. 1908 నుంచి 1912 లోపు వేసినవే. మొదటిది ఎర్రటి చెట్టు, కొమ్మలన్నీ తెలుస్తాయి. రెండోది బూడిదరంగు, కొమ్మలు వంపులుగా మిగిలాయి. మూడోది పూసిన ఆపిల్ చెట్టు, అక్కడ చెట్టు దాదాపు లేదు, వంపుల మధ్య గాలి మాత్రం ఉంది. పేర్లు చెప్పను. మొదటి బొమ్మను చేత్తో మూసి, మిగతా రెండూ పది నిమిషాలు చూడమంటాను, ఫోన్ పక్కన పెట్టించి. రెండు నిమిషాలకే కదలడం మొదలుపెట్టే పిల్లలు ఉంటారు, తప్పేమీ కాదు, వాళ్ళకు వేరే దారి చూస్తాం. కొందరు మాత్రం ఐదో నిమిషానికి ముందుకు వంగుతారు. కన్ను ముందు ఎక్కడికి పోయింది, ఈ గీత తీసేస్తే ఏం పడిపోతుంది, వీటికి జవాబు చెప్పగలిగితే ఆ పిల్లకు చూడటం వచ్చినట్టే. ఇది భాగ్యం ఏమీ కాదు, నేర్చుకునే పనే.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. బంధువుల ముందు పిచ్చి గీతలు అన్నారు చూడండి, అది తప్పు. అర్థం కాలేదు, చెప్పు తల్లీ అని ఉంటే సరిపోయేది. పది రోజులుగా రంగులు ముట్టలేదని మీరే రాశారు, కొంచెం ఊరట పడుతున్నట్టు కూడా రాశారు, నాకు ఆ వాక్యం చదివి బాధేసింది. స్వామి బొమ్మ వేసినప్పుడు మెచ్చుకున్నది ఆ అమ్మాయి చేతినా, లేక ఆ బొమ్మ మీద మీకున్న భక్తినా? రెండూ ఒకటి కాదు. అప్పులు ఉన్నాయి, భయం ఉంది, అన్నీ ఒప్పుకుంటాను. ఆ కోపం రేటు మీద చూపించాల్సింది పోయి పిల్ల కాగితం మీద చూపించారు. ముందు వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోండి. ఏ కాలేజీ అన్నది ఆ తర్వాత.

మీ బావమరిది చెప్పిన యానిమేషన్ సంగతి. ఆ రంగం చెడ్డదని నేననను, నిజంగా కదలిక మీద ప్రేమ ఉన్నవాళ్ళకు మంచి పనే. నా అనుమానమంతా మన ఊళ్ళల్లో దాన్ని అమ్మే తీరు మీద. బోర్డు మీద నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఉంటుంది, లోపల ఏడాదికి లక్షల్లో ఫీజు, చెప్పేది సాఫ్ట్‌వేర్ మెనూలు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి పేరు చెప్పలేని ఒక ప్రైవేటు సంస్థలో మూడేళ్ళు చదివి వచ్చాడు, కంప్యూటర్‌లో చేతికి చర్మం రంగు అద్దడం వచ్చు, కాగితం మీద పిడికిలి గీయమంటే రాలేదు, ఎవరూ గీయించలేదట. వాడు నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది, వాడి లోను మాత్రం పాతదే. పైగా ఇప్పుడు ఏఐ వచ్చింది, నాలుగు మాటలు టైప్ చేస్తే బొమ్మ వస్తోంది, కింది స్థాయి పనులు, పోస్టర్లు, బ్యానర్లు, థంబ్‌నెయిళ్ళు దానికి పోతున్నాయి. దాని ముందు ఎవరు నిలబడతారో నేను జోస్యం చెప్పను గానీ, వచ్చిన పది బొమ్మల్లో ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకు అని చెప్పగలిగే కన్ను ఉన్నవాళ్ళను ఎవరైనా వెతుక్కోక తప్పదని నా నమ్మకం. ఆ కన్ను మెనూల్లో రాదు. యూఐ, యూఎక్స్ మాట కూడా అంతే, అది డిజైన్ ఆలోచన, ఆరు నెలల సర్టిఫికెట్‌తో వచ్చేది కాదు. డిజైన్ మీద ఇష్టం ఉంటే అమరావతి ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) లాంటి చోటికి రాయాలి, కానీ పాప అది అడగలేదు కదా.

బీఎఫ్‌ఏ నాలుగేళ్ళు. మొదటి ఏడాది దాదాపు అన్నిచోట్లా పునాదే, డ్రాయింగు, మట్టి, రంగు, ప్రింటు అన్నీ చేయిస్తారు, పెయింటింగ్ సరిపడకపోతే అప్లయిడ్ ఆర్ట్‌కో (ప్రకటనలు, పోస్టర్ల లాంటి పని) శిల్పానికో మారే ఆలోచన అక్కడ వస్తుంది. మనకు దగ్గర కడపలో 2020లో వచ్చిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, దూరమైనా ఫరవాలేదంటే బరోడా, శాంతినికేతన్. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు ప్రైవేటు యానిమేషన్‌తో పోల్చడానికే లేదు, మీ అప్పుల లెక్కలో ఇది పెద్ద మాట. డబ్బు సంగతి దాచను, బొమ్మలు అమ్మి బతికేవాళ్ళు తక్కువ, మొదటి ఐదారేళ్ళు ఆదాయం కుదురుగా ఉండదు. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచరు పోస్టులు, ప్రచురణ, వస్త్ర డిజైన్, సినిమా ఆర్ట్ విభాగం, మ్యూజియం పనులు, ఎక్కువమంది వీటిలో దేనిమీదో నిలబడి సొంత బొమ్మ వేసుకుంటారు. బీటెక్ చేసిన ప్రతి పిల్లకూ ఉద్యోగం తలుపు దగ్గర నిలబడి లేదు, అది మీకూ తెలుసు.

మనవాళ్ళు ఎవరున్నారు అంటారేమో. గుడివాడ వైపు నుంచి వెళ్ళిన ఎస్.వి. రామారావు గారు మద్రాసులో చదివి, లండన్‌లో స్లేడ్ అనే ఆర్ట్ స్కూలు దాకా వెళ్ళి, అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలే వేశారు, 2001లో పద్మశ్రీ వచ్చింది. తోట వైకుంఠం, లక్ష్మాగౌడ్ ఇద్దరూ తెలంగాణ పల్లెల్లో పుట్టి బరోడా వెళ్ళి నేర్చుకున్నవాళ్ళు. అందరూ అంతవాళ్ళు అవుతారని కాదు, పల్లె పిల్లలకు ఇది కొత్త దారి కాదని చెబుతున్నా.

కంగారు పడకండి సార్. పాప చేయి ఎక్కడికీ పోలేదు. స్వామి బొమ్మ వేసిన చేయే ఆ పదకొండు పసుపు ముక్కలు సరిగ్గా దూరం తగ్గించుకుంటూ వేసింది, అది రాకపోతే ఇది రాదు. ఇంటర్ పరీక్షలు అయ్యాక రెండు పనులు చేయండి. ఒక రోజు శ్రీకాళహస్తి తీసుకెళ్ళి కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి, మీరూ కూర్చోండి. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీత పెడితే అది నల్లబడిపోతుంది, చెరిపి మళ్ళీ గీయడం ఉండదు. గీత అంటే ఎంత బరువో అక్కడ తెలుస్తుంది. ఇంకో రోజు చెన్నై, ఈసీఆర్ రోడ్డులో చోళమండలం ఆర్టిస్టుల ఊరు, 1966లో చిత్రకారుడు పణిక్కర్ గారు, మద్రాసు ఆర్ట్ స్కూలు పిల్లలు కలిసి పెట్టుకున్నది. బాతిక్ లాంటి చేతిపనులు అమ్ముకుని పొట్ట పోసుకుంటూ మోడరన్ బొమ్మలు వేసినవాళ్ళు. లేదా బెంగళూరు ప్యాలెస్ రోడ్డులో నేషనల్ గ్యాలరీ. బొమ్మ అసలు కొలతలో చూడాలి సార్. పికాసో గెర్నికా ఫోన్‌లో బొటనవేలంత ఉంటుంది, అసలుది ఎత్తు మూడున్నర మీటర్లు, వెడల్పు ఏడు మీటర్ల పైన. గెర్నికా అంటే 1937లో బాంబులు పడిన స్పెయిన్ ఊరు, ఆ బొమ్మను ఒక్క ఎరుపు లేకుండా నలుపు, తెలుపు, బూడిదరంగుల్లోనే వేశారు. మీ ర్యాంపు షెడ్డు గోడంత బొమ్మ ముందు నిలబడితే మనిషి ఏమవుతాడో ఊహించుకోండి.

గ్యాలరీలో నాకేం తెలుసు అని బయట బెంచీ మీద కూర్చోవద్దు. పాపతో పాటు నడవండి, ఒక్కొక్క దాని ముందు కాదు, రెండే రెండు బొమ్మలు, తననే ఎంచుకోమనండి, చెరో పది నిమిషాలు. నీ కన్ను ముందు ఎక్కడ ఆగింది అని అడిగి, మీది ఎక్కడ ఆగిందో కూడా చెప్పండి.

తర్వాత తిరుపతి వైపు వస్తే నా దగ్గరికి రండి, ఏ కాలేజీకి ఏ వరసలో రాయాలో కూర్చుని చూద్దాం. ఆ పసుపు బొమ్మ అసలు కాగితం తెమ్మనండి, చుట్ట చుట్టినా ఫరవాలేదు గానీ మడత పెట్టొద్దని చెప్పండి.