హొక్కైడో మంచులో సముద్ర గద్దలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరి చెరువుల మీద నల్ల గద్దలనూ, కోరింగలో గరుడ పక్షులనూ కొన్నేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. జపాన్‌లో తేలే మంచు మీద వాలే స్టెల్లర్ సముద్ర గద్దలను తీయాలని ఉంది. ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? నా దగ్గరున్న 100–400 మి.మీ. లెన్సు సరిపోతుందా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు వెళ్లవలసింది హొక్కైడో ద్వీపానికి తూర్పు కొసన, షిరెతొకో ద్వీపకల్పం అంచున ఉన్న రౌసు అనే చేపల రేవుకు. ఈ గద్దలు రష్యాలోని కమ్చాత్కా, ఒఖోత్స్క్ సముద్ర తీరం, అముర్ నది దిగువ ప్రాంతం, సఖాలిన్‌లలో గూళ్లు పెట్టుకుని, శీతాకాలంలో పెద్ద సంఖ్యలో హొక్కైడోకు దిగివస్తాయి. రెక్కలు చాపితే రెండున్నర మీటర్ల వరకు ఉండే ఈ జాతిలో ఆడపక్షి 9 కిలోల దాకా తూగుతుంది. మన కోస్తాలో కనిపించే తెల్లపొట్ట సముద్ర గద్ద దీనికి దగ్గరి బంధువు కనుక, దాని ఎగిరే తీరును గమనించిన వారికి ఇక్కడి పక్షి మరీ కొత్తగా అనిపించదు. కొత్తగా తోచేదల్లా ఆ భారీ శరీరం, ఆ పసుపు ముక్కు.

తేలే మంచు సాధారణంగా జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో రౌసు వైపు చేరి మార్చి మధ్యకల్లా వెనక్కి తగ్గుతుంది కాబట్టి ఫిబ్రవరి రెండో సగం మంచి ఎంపిక. అయితే మంచు ఎక్కడ ఉంటుందన్నది క్యాలెండర్ కన్నా గాలి చేతిలో ఎక్కువగా ఉంటుంది. సాయంత్రం రేవు ముందు పరచుకున్న మంచు తెల్లారేసరికి ఎదురుగా ఉన్న కునాషిర్ ద్వీపం వైపు కొట్టుకుపోవచ్చు, గాలి బలంగా వీస్తే పడవలు అసలు బయలుదేరకపోవచ్చు. అందుకని ఒక్క పడవ ప్రయాణాన్ని నమ్ముకుని అంతదూరం వెళ్లకండి. రౌసులోనే నాలుగైదు రోజులు ఉండేటట్టు చూసుకోండి. టోక్యో నుంచి నకాషిబెత్సుకు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మార్గంలో రౌసు చేరవచ్చు. ద్వీపకల్పానికి అవతలి వైపున్న ఉతొరో మ్యాపులో చాలా దగ్గరగా కనిపిస్తుంది గానీ, రెండింటినీ కలిపే కనుమ రోడ్డును శీతాకాలమంతా మూసివేస్తారు కనుక చుట్టూ తిరిగి రావాలి. ఎడమవైపు నడపడం మనకు అలవాటే అయినా గడ్డకట్టిన రోడ్డు మీద నడపడం అలవాటు లేదు కాబట్టి, స్థానిక డ్రైవరును మాట్లాడుకోవడం మేలు.

లెన్సు విషయానికి వస్తే 100–400 చాలు. గద్దలు పడవకు చాలా దగ్గరగా వస్తాయి కనుక 600 పెట్టుకున్న వారికి రెక్కల చివరలు ఫ్రేములో పట్టక తెగిపోతుంటాయి. ట్రైపాడ్ తీసుకెళ్లవద్దు, పడవలో దానికి చోటు ఉండదు, పైగా ఇంజను అదురు కాళ్ల గుండా కెమెరాకు ఎక్కుతుంది.

ప్రశ్న: నిరుడు చలికాలంలో హిమాచల్‌లోని స్పితి వెళ్లినప్పుడు నేను తీసిన ఫొటోల్లో మంచు బూడిదరంగుగా, పక్షి నల్లటి ముద్దలా వచ్చాయి. బ్యాటరీలు గంటలోనే అయిపోయాయి, గదిలోకి రాగానే లెన్సు మసకబారింది. ఈసారి హొక్కైడో వెళుతున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫ్రేమంతా తెల్లగా ఉంటే కెమెరా మీటరు దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుగా లెక్కగట్టి వెలుగు తగ్గిస్తుంది, మీకు జరిగింది అదే. ఒకటి, ఒకటిన్నర స్టాపు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది) పెంచితే మంచు తెలుపు తిరిగి వస్తుంది గానీ, ఎగిరే గద్ద వెనుక ఒక క్షణం మంచు, మరుక్షణం నల్లటి సముద్రం, ఆపై ఆకాశం మారిపోతుంటాయి కాబట్టి ఆటోమేటిక్ మోడ్ ప్రతి ఫ్రేమునూ ఒక్కో రకంగా తీస్తుంది. నా సలహా మాన్యువల్ మోడ్. ఎండ పడుతున్న మంచు మీద ఒక ఫొటో తీసి, హైలైట్ హెచ్చరిక (తెలుపు మితిమీరిన చోట తెరపై మిణికే గుర్తు) అక్కడక్కడ మాత్రమే మిణుకుమనేటట్టు సెట్టింగులు కుదుర్చుకుని, ఎండ మారేవరకు వాటిని కదపకండి. ఎండ బాగా వచ్చాక ఎఫ్/7.1, 1/2000, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టవచ్చు. సూర్యోదయం అయిన వెంటనే అయితే ఐఎస్ఓ 800 నుంచి 1600 వరకు కావాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎదిగిన గద్ద ఒళ్లంతా ముదురు గోధుమరంగు, భుజాలూ తొడలూ తోకా మాత్రం తెలుపు. ఛాతీ ఈకల్లో వివరం కోసం వెలుగు పెంచుతూ పోతే భుజం మీది ఈకల గీతలు పూర్తిగా చెరిగిపోతాయి, అలా పోయిన తెలుపు మళ్లీ రాదు. నీడలోని వివరాన్ని రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫొటో) నుంచి కొంతవరకు రాబట్టుకోవచ్చు కాబట్టి తెలుపునే కాపాడుకోండి.

రౌసు తూర్పు ముఖంగా ఉన్న రేవు. పడవ చీకటితోనే బయలుదేరుతుంది, ఫిబ్రవరి మధ్యలో 6 దాటాక కునాషిర్ కొండల వెనుక నుంచి సూర్యుడు వస్తాడు. ఆ ముందరి నీలి వెలుగులో ఎగిరే పక్షుల వెంట పడకుండా, మంచుగడ్డల మీద కూర్చున్న వాటిని తీయండి. ఆ వెలుగును వైట్ బ్యాలెన్సుతో పసుపుగా మార్చవద్దు, అది నీలంగా ఉంటేనే అందం.

బ్యాటరీలను లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి ఉంచుకుని, మారుస్తూ వాడండి; చలికి నీరసించిన బ్యాటరీ వెచ్చబడ్డాక కొంత తేరుకుంటుంది. లెన్సు మసకబారడం, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చెమర్చడం లాంటిదే. బయట ఉండగానే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాను గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గదిలోకి తెచ్చి, గది వేడికి సమానమయ్యే దాకా రెండు మూడు గంటలు తెరవకండి. దీనికి తిరగబడిన సమస్య ఒకటుంది, దాన్ని చాలామంది ఫోకస్ లోపం అనుకుంటారు. హీటరు వేసిన కారు కిటికీలోంచి లెన్సు బయటపెడితే, వెచ్చటి గాలి చల్లటి గాలిలో కలుస్తూ లెన్సు ముందు అలలు రేపుతుంది, పక్షి కన్ను ఎన్నిసార్లు తీసినా పదునుగా రాదు. హీటరు ఆపి, అద్దాలు దించి, లెన్సు చల్లబడేదాకా ఆగితే సగం సమస్య తీరుతుంది.

ప్రశ్న: ఒడ్డున చెట్ల మీద కూర్చున్న గద్దల దగ్గరికి నడిచి వెళ్లవచ్చా? ఎంత దూరంలో ఆగాలి? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వెళ్లవద్దు. కారులోనే ఉండండి, కారుకు బెదరని గద్ద దిగి నడిచే మనిషికి బెదురుతుంది. ఇన్ని మీటర్లని చెప్పే లెక్క ఒక్కో పక్షికి ఒక్కో రకంగా మారుతుంది గనుక, పక్షినే చూడండి. ఒంటికాలి మీద కూర్చున్నది రెండో కాలు దించిందా, ఈకలు శరీరానికి బిగించిందా, మీవైపు మాటిమాటికీ చూస్తోందా, ముందుకు వంగి రెట్ట వేసిందా? మొదటి గుర్తు కనబడగానే వెనక్కి తగ్గాలి. చివరిదాకా వస్తే అది దాదాపు ఎగరబోతున్నట్టే. చలికాలంలో ఇవి రోజులో ఎక్కువ భాగం కదలకుండా కూర్చునేది ఒంట్లోని శక్తిని పొదుపు చేసుకోవడానికే, కాబట్టి మన ఫొటో కోసం లేపిన ప్రతిసారీ దాని తిండిలో కొంత మనం లాక్కున్నట్టే లెక్క. డ్రోను సంగతి అసలు తలపెట్టవద్దు.

ప్రశ్న: పడవ వాళ్లు చేపలు విసిరితేనే ఈ గద్దలు వస్తాయని విన్నాను. అలాంటప్పుడు అది అడవి పక్షి ఫొటో ఎలా అవుతుంది? ఆ పడవ ఎక్కడం తప్పా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు విన్నది చాలావరకు నిజం, మీకు కలిగిన ఇబ్బంది న్యాయమైనది. రౌసు నుంచి వెళ్లే చాలా పడవల్లో సిబ్బంది చేపలను మంచుగడ్డల మీదికి విసురుతారు, ప్రపంచమంతా తిరిగే ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం అలా వచ్చినవే. అయితే ఈ పక్షులకూ మనుషుల చేపలకూ సంబంధం పర్యాటకులతో మొదలైంది కాదు. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో రౌసుకూ కునాషిర్‌కూ మధ్యనున్న నెమురో జలసంధిలో పొలాక్ చేపల వేట ముమ్మరంగా సాగినప్పుడు, వలల్లోంచి జారిన చేపల కోసం గద్దలు రౌసు దగ్గర పెద్ద ఎత్తున గుమిగూడేవి. ఆ చేప తగ్గిపోయాక చాలా గద్దలు లోపలి అడవుల వైపు మళ్లి, వేటగాళ్లు వదిలేసిన జింకల కళేబరాలను తినసాగాయి. ఆ మాంసంలో చిక్కుకున్న తూటాల సీసం కడుపులోకి పోయి విషమై ఎన్నో గద్దలు చనిపోయాయి. దాంతో జింకల వేటలో సీసపు రైఫిల్ తూటాల వాడకంపై హొక్కైడోలో 2000లో నియంత్రణ వచ్చింది. తిండి ఒకచోట తగ్గితే ఈ పక్షి ఎక్కడికి పోతుందో, ఎలాంటి ప్రమాదంలో పడుతుందో ఈ చరిత్రే చెబుతోంది. కాబట్టి పడవ మీది నుంచి విసిరే చేపను నేను చిన్న విషయమని అనలేను. పక్షులను ఒకేచోట కిక్కిరిసేలా చేయడం వల్ల వ్యాధులు పాకే అవకాశం పెరుగుతుంది. హొక్కైడోలోని తెల్లతోక సముద్ర గద్దల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఈ భయం ఊహామాత్రం కాదు.

అయినా పడవ ఎక్కడమే తప్పని నేను చెప్పను. ఆ ఊరివారికి చలికాలపు జీవనాధారంలో అది ఒక భాగం. గద్దను చూడటానికి జనం వస్తున్నారు కాబట్టి గద్ద బతికి ఉండటం ఆ ఊరికి అవసరమైంది. నా మాట ఇంతే: పడవకు ఒకటి రెండు ఉదయాలు ఇచ్చి, మిగిలిన రోజులు ఒడ్డుకు ఇవ్వండి. దక్షిణంగా నెమురో వైపు వెళితే గడ్డకట్టిన ఫూరెన్ సరస్సు ఉంది. అక్కడ జాలరులు మంచుకు రంధ్రాలు చేసి కింద వలలు వేస్తారు, పనికిరాని చేపలను మంచు మీదే వదిలేస్తారు, వాటి కోసం స్టెల్లర్, తెల్లతోక జాతుల గద్దలు రెండూ వస్తాయి. అక్కడా తిండి పెట్టింది మనిషే గానీ, ఫొటో కోసం పెట్టింది కాదు. ఒక గద్ద చేపను కాలి కింద తొక్కిపట్టి రెక్కలు గొడుగులా కప్పుకోవడం, మరొకటి వెనుక నుంచి పక్కనడకతో వచ్చి తోక పట్టి లాగడం, అంతలో కాకి మధ్యలో దూరి ముక్క ఎత్తుకుపోవడం అక్కడ తీరిగ్గా చూడవచ్చు. ఈ దోపిడీని చూపే ఫొటోలే, కాళ్లు చాచి చేప మీదికి దూకే ఫొటోల కన్నా ఆ పక్షి బతుకును ఎక్కువగా చెబుతాయని నా నమ్మకం.

పడవ బుక్ చేసుకునేటప్పుడే చేపలు విసురుతారా అని అడగండి. విసిరిన చేప కోసం వచ్చిన గద్ద అయితే ఫొటో కింద ఆ మాట రాయండి. మన పత్రిక ఫొటో పేజీకి పంపేవారు తేదీ, స్థలంతో పాటు పక్షికి ఆహారం వేశారో లేదో కూడా తప్పక తెలపాలి. ఆహారం వేసి తీసిన ఫొటోలను కూడా ప్రచురణకు పరిశీలిస్తాం, కానీ ఆ వివరం లేని ఫొటోలను పరిశీలించం.